ఉద్దానసీమకు కృషివిద్య వచ్చిన త్రోవ

మన సంఘ వార్షికసభ సంచికకు ఏటేట నొక చరిత్రవ్యాసము వ్రాయుట మాకు వాడుకయైనది. వెనుకటి సంచికలలో దేవాలయములను గూర్చియు, గోత్రములను గూర్చియు, మన పెద్దలు కట్టించిన సత్రములను గూర్చియు వ్రాసితిమి. ఈ యేఁడు కార్యదర్శిగారు వ్యాసము నడిగినపుడు మఱియొక విషయమును గైకొందుమని మనవి చేసితిమి. దానికిఁ గారణము రెండేండ్ల క్రిందటి వార్షికసభలో జరిగిన యొక చిన్న సంగతి.

ఆనాఁడు ఇంటర్మీడియెట్టులో మంచి మార్కులు తెచ్చుకొన్న మన పిల్లలకు బహుమతు లిచ్చుచు, వేదికమీఁది పెద్ద లొకరు ఒక్కొక్కరిని "ఇఁక ముందు ఏమి చదువుతావు?" అని యడుగుచుండిరి. ఇంజనీరింగు, వైద్యము, కంప్యూటరు. ఈ మూఁడు మాటలే మాటిమాటికి వినవచ్చినవి. వజ్రపుకొత్తూరు వైపునుండి వచ్చిన యొక బాలిక మాత్రము "వ్యవసాయం చదువుతానండి" అనెను. సభలో నవ్వు పుట్టినది. "దానికి కాలేజీ ఎందుకమ్మా, మీ నాన్నతో తోటకెళ్తే చాలదా?" అని వెనుక వరుసనుండి యెవరో యనిరి. మరల నవ్వు. నవ్వినవారిలోఁ బెక్కండ్రు కొబ్బరితోఁటయో జీడితోఁటయో వరిమడియో కలవారే. మేమును నవ్వితిమి. ఆ సంగతిని దాఁచుట న్యాయము గాదు.

ఇంటికిఁ బోయిన పిదప ఆ నవ్వు మమ్ము వదలలేదు. ముప్పదియేండ్లకు పైఁబడి సంస్కృతాంధ్రములు బోధించిన మాకు, కృషి యనునది విద్య యగునా కాదా యను ప్రశ్నకు మన పూర్వు లేమి చెప్పిరో తెలియకపోలేదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రారంభమున విద్యలు నాలుగని నిర్ణయించెను: ఆన్వీక్షకి, త్రయి, వార్త, దండనీతి. త్రయి యనఁగా మూఁడు వేదములు. వార్త యనఁగా కృషి, పశుపాలనము, వాణిజ్యము. నేఁడు మనము వార్త యన్నచోఁ బత్రికలోని సమాచార మనుకొందుము గాని, ఆ కాలమున నది బ్రతుకుతెరువు విద్యకుఁ బేరు. వేదములతో నొక్క వరుసను గూర్చుండఁబెట్టిన విద్య యిది. అంతటితో నాఁగక, రాజుగారి పొలములపై నధికారియగు సీతాధ్యక్షుఁడు కృషితంత్రమును, వృక్షాయుర్వేదమును తానైనఁ దెలిసియుండవలెను, లేదా తెలిసినవారిని దోడుగా నుంచుకొనవలెనని ఆతఁడే విధించెను. పొలమున కధికారి యగువానికి చదువు కావలెనని ఇరువదిరెండు వందల యేండ్లనాఁడో, అంతకుఁ గొంత పిమ్మటనో చెప్పినమాట యిది.

వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగ నొక యధ్యాయమే కలదు. కొమ్మవలనఁ బెంచఁదగిన చెట్లను జెప్పుచు నాతఁడు మొట్టమొదట పనసను బేర్కొనెను. పనస మన ఉద్దానపుఁ జెట్టు గదా యని ఆ భాగము చదివినపుడెల్ల మాకు సంతోషము కలుగుచుండెడిది. సురపాలుని వృక్షాయుర్వేదపు వ్రాతప్రతి సీమలో, ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమున నుండఁగా, సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌వారు దానిని సంపాదించి, నలినీ సాధలేగారి యాంగ్లానువాదముతో 1996లోఁ బ్రకటించిరి. కృషిపరాశరమును సైతము వారే వెలువరించిరి.

అయితే నొకమాట. క్రొత్త శాస్త్రమంతయు మన ప్రాఁతగ్రంథములలోనే యున్నదని సభలలోఁ జెప్పు వక్తలు కొందఱు కలరు. వారితో మేము ఏకీభవింపఁజాలము. కుణపజలమను ఎరువును సురపాలుఁడు చెప్పెను. అందు నత్రజని యెంతయో, అది ఏ నేలకు ఎంత చాలునో కొలిచి చూపలేదు. పరిశీలన మన పూర్వులకుఁ గలదు, కొలఁత తరువాతిది. ఆ కొలఁతనే విశ్వవిద్యాలయము నేర్పును.

మా తప్పు నొకదానిని గూడ నిచ్చటనే చెప్పుకొందుము. అమరకోశమున వైశ్యవర్గమునందు పైరునుబట్టి పొలములకుఁ బేళ్లు కలవు. వ్రీహి పండునది వ్రైహేయము, శాలి పండునది శాలేయము, నువ్వులకుఁ దగినది తిల్యము, యవలకుఁ దగినది యవ్యము. వీనిని మేము తరతరముల పిల్లలచేత వల్లె వేయించితిమి. మా బడి కిటికీకి నావల వరిమడి యుండెడిది. ఒక్కనాఁడైనను ఆ పిల్లలను లేపి గట్టుమీఁదికిఁ దీసికొనిపోయి "ఇది శాలేయము" అని చూపినవారము గాము.

దూరదేశములనుండి యీ సంచికను జదువు బంధువులకొఱకు ఉద్దాన మనఁగా నేమో చెప్పవలెను. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వఱకు తూర్పుసముద్రము వెంబడిని, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస మండలములను గలుపుకొని యుండు తోఁటలనాఁడు ఇది. ఉద్యానమను మాటయే ఉద్దాన మైనదని పెద్దలు చెప్పుదురు. ఇది పొసఁగని మాట గాదు. విద్య విద్దె యైనట్లే ఉద్యానము ఉద్దాన మగును. నేల ఇసుక. నీరు పోసిన నిలువదు, ఎరువు వేసిన నిలువదు. అట్టి నేలలో కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ యడవివలెఁ బెరిఁగి నిలిచినవన్నచో అది మన తాతల చేతిపని. వారు కొబ్బరిపిల్లను లోఁతుగోతిలో నాటి, అడుగునఁ బీచుతొక్కలను పఱచి, పైని ఉప్పు చల్లెడివారు. ఎందులకని యడిగిన "మా పెద్దలు చేసినారు" అనెడివారే గాని కారణము చెప్పెడివారు గారు. తొక్క తడిని పట్టియుంచు ననియు, ఉప్పులోని క్లోరైడును గోరు చెట్లలోఁ గొబ్బరి యొకటి యనియు శాస్త్రజ్ఞులు తరువాతఁ జెప్పిరి. తాతల చేయి ముందు నడచినది, కారణము వెనుక వచ్చినది.

జీడి సంగతి మఱియొక తీరు. ఇది మన చెట్టు గాదు. బ్రెజిలు దేశమునుండి పోర్చుగీసువారు పదునాఱవ శతాబ్దమున పడమటి తీరమునకుఁ దెచ్చిరి. మనకు ముందునుండియు నున్న జీడి వేఱు. సంస్కృతమున భల్లాతకము, చాకలివారు గుడ్డలకు గుర్తులు పెట్టు గింజ. క్రొత్తగా వచ్చిన చెట్టు గింజలోను అట్లే చర్మమును గాల్చు రసముండుటచే దానికి జీడిమామిడి యని పేరు పెట్టిరి. గాలికి లేచు ఇసుకను పట్టి నిలుపుటకు మంచిదని సముద్రతీరమునఁ బెంచిన యీ చెట్టు, నేఁడు పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు పరిశ్రమ కంతటికిని పట్టుఁగొమ్మ యైనది. పలాస పప్పు పేరు దేశమంతటఁ బ్రాఁకినది. ఆ పప్పు నొలుచు స్త్రీల వ్రేళ్లమీఁద జీడిరసపు నల్లమచ్చలు మాత్రము బయటివారికిఁ గానరావు.

ఇఁక కృషివిద్య కళాశాల కెక్కిన చరిత్రము. అమెరికాలో 1862లో మొర్రిల్ శాసనమను నొక చట్టము వచ్చినది. రాష్ట్రములకు సర్కారు భూమి నిచ్చి, దానివలన వచ్చిన ధనముతో వ్యవసాయమును, యంత్రవిద్యను బోధించు కళాశాలలను బెట్టుఁడని దాని సారాంశము. మన మదరాసు రాజధానిలో 1868లో సైదాపేటయందు వ్యవసాయ పాఠశాల వెలసినది. 1905లో బీహారులోని పూసాయందు పరిశోధనాలయము, 1906లో సైదాపేట పాఠశాలకు బదులు కోయంబత్తూరున వ్యవసాయ కళాశాల ఏర్పడినవి. 1920లో ఆ కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధ మయ్యెను. పిమ్మట గోధుమపంటల చరిత్రము మార్చిన స్వామినాథన్‌గారు చదివినది యక్కడనే.

ఆ కాలమున మన టెక్కలి, సోంపేట తాలూకాలు గంజాము జిల్లాలోనివి. మన పిల్లవాఁడు కోయంబత్తూరునకుఁ బోవలెనన్న తెలుగునాఁటిని ఈ కొననుండి యా కొనకు దాఁటి, తమిళదేశమును దాఁటి, పడమటికనుమల పాదమునకుఁ జేరవలెను. చదువు ఇంగ్లీషున; భోజనము వేఱు; ఖర్చు మోయరానిది. పరిశోధన క్షేత్రములును దూరమే. కొబ్బరికి 1916లో కాసరగోడున, చెఱకునకు 1913లో అనకాపల్లిలో, వరికి 1925లో మారుటేరున క్షేత్రములు వెలసినవి. మన యిసుక తోఁటల కొబ్బరిని గూర్చి తెలిసికొనవలెనన్నను మలబారు తీరమువైపు చూడవలసి వచ్చెడిది.

ఐనను మన ప్రాంతమునకు ఈ చరిత్రలో నొక గౌరవస్థానము కలదు. 1926లో బ్రిటిషు ప్రభుత్వము లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతను భారత వ్యవసాయమును విచారించుటకు రాయల్ కమిషను నియమించినది. అందు సభ్యులైన కొలఁదిమంది భారతీయులలో మన పొరుగు పర్లాకిమిడి ప్రభువు శ్రీ కృష్ణచంద్ర గజపతి నారాయణదేవుగా రొకరు. టెక్కలి ప్రక్కనున్న నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు వేయించిన సంస్థానము వారిదే. కమిషను నివేదిక 1928లో వెలువడినది. దాని ఫలముగ 1929లో వ్యవసాయ పరిశోధన మండలి పుట్టినది. అదియే నేఁటి భారత వ్యవసాయ పరిశోధన మండలి. దేశములోని వ్యవసాయ విశ్వవిద్యాలయముల చదువునకు పాఠప్రణాళిక నిప్పటికిని తీర్చిదిద్దుచున్నది యదియే. నౌపడ స్టేషనులో రైలెక్కిన ప్రభు వొకరు దాని పుట్టుకలోఁ బాలుగొనిరన్న సంగతి మన పిల్లలు చదువు ఏ పాఠ్యపుస్తకమునందును మేము చూడలేదు.

ఇచ్చట నొక చిక్కుప్రశ్న గలదు. విద్య పుట్టినది, మండలి పుట్టినది. మన తాలూకాలనుండి యీ చదువునకుఁ బోయినవారు లేకుండుటకు దూరమొక్కటే కారణమా? కాదని మా యభిప్రాయము. ఆనాఁడు టెక్కలి, మందస, తర్లా మొదలగునవి జమీందారీలు. తాను పాఁతిన చెట్టు తనదో కాదో తెలియని రైతు, దాని వేరునకుఁ బట్టిన పురుగును గూర్చి కొడుకును జదివింపఁడు. చదువు చదివించిన కొడుకు నేలనుండి తప్పించుకొనుటకే చదివించును. ఈ పద్ధతి మన నరములలో నింకి, జమీందారీలు పోయిన తరువాతను పోలేదు. సభలో మా నోటినుండి వెడలిన నవ్వునకు మూల మదియే.

అందుచేతనే 1940వ సంవత్సరము మన ప్రాంత కృషిచరిత్రలోఁ బెద్దది. ఆ మార్చి నెలలో పలాసయందు అఖిలభారత కిసాన్ సభ జరిగినది. దాని కధ్యక్షుఁడుగా నెన్నికైన రాహుల్ సాంకృత్యాయనుఁడు సంస్కృతము, పాలి, టిబెట్టుభాషలందు మహాపండితుఁడు. సభకు ముందే ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది. త్రిపిటకములను జదివిన పండితుఁడు రైతుసభకు అధ్యక్షుఁ డగుట మా వంటి పంతుళ్లు తలఁచుకొనవలసిన విషయము. కొలఁది దినములకే, ఏప్రిల్ 1వ తేదీని, మందస జమీందారీలో అడవిహక్కులకై రైతులు చేసిన పోరులో గుడారి రాజమణిపురమున పోలీసుకాల్పులకు సాసుమాన గున్నమ్మ ప్రాణము లర్పించెను. గర్భవతి. 1948లో ఎస్టేట్ల రద్దుచట్టము వచ్చి నేలకును రైతునకును మధ్యనున్న యడ్డు తొలఁగినది. 1950 ఆగష్టు 15న మనది శ్రీకాకుళం జిల్లా యైనది.

ఆ రైతు ఉద్యమమునకును విశ్వవిద్యాలయమునకును నడుమ ఒక వంతెన కలదు. ఆక్స్‌ఫర్డులోఁ జదివివచ్చిన ఆచార్య ఎన్. జి. రంగాగారు తమ నిడుబ్రోలున రైతువిద్యాలయమును నెలకొల్పిరి. మన బారువ వాస్తవ్యులు సర్దార్ గౌతు లచ్చన్నగారు వారి ముఖ్య అనుచరులు. నాలుగవ లోక్‌సభలో రంగాగారు కూర్చున్నది మన శ్రీకాకుళము ప్రతినిధిగనే. 1996లో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి. కాఁబట్టి మన పిల్లల పట్టాలమీఁద అచ్చగు పేరు ఒకప్పుడు మన యోటుతో డిల్లీకిఁ బోయినవారిది.

తెలుగునేలమీఁద మొదటి వ్యవసాయ కళాశాల 1945 జూలై 11న బాపట్లలోఁ దెఱవఁబడినది. మఱుసటి యేఁడు హైదరాబాదున నొకటి, ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద. కోయంబత్తూరు దూరము సగమునకంటెఁ దగ్గినది, భాష మనది, ఇసుకయు కొంత మనదే, బాపట్లయును సముద్రతీరమే గదా. జీడిమామిడి పరిశోధనకు బాపట్లలో స్థానమేర్పడుటకును అది యనుకూలమైనది. అచ్చట తయారైన బి.పి.పి. 8 అను సంకరరకపు అంటుమొక్కలు నేఁడు కోస్తాతోఁటలలోఁ జాలఁగలవు. 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి విశ్వవిద్యాలయ విద్యాకమిషను గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పినది. 1960లో పంత్‌నగరున మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయము, 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినవి. రెండవదానిని 1965 మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రారంభించిరి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు దానికిఁ దోడ్పడిరి. 1862నాఁటి మొర్రిల్ చట్టపు విత్తనము రాజేంద్రనగరున మొలచినదన్నమాట. 2014లో రాష్ట్రము రెండైన పిదప రంగాగారి పేరి విశ్వవిద్యాలయమునకు గుంటూరు ప్రక్కనున్న లాం నెలవైనది. ఉద్యానశాస్త్రమునకు 2007లోనే వేఱుగ వెంకటరామన్నగూడెమున విశ్వవిద్యాలయ మేర్పడినది.

మన కన్నిటికంటె ముఖ్యమైనది 1989. ఆ యేఁడు శ్రీకాకుళము పట్టణమున కనతిదూరమున నైరాయందు వ్యవసాయ కళాశాల వచ్చినది. పలాసలో బస్సెక్కిన రెండు గంటలకుఁ జేరవచ్చును. సైదాపేట మొదలు నైరా వఱకు ఈ విద్య నడచివచ్చిన త్రోవ నూటయిరువదియొక్క యేండ్లు. అంత దూరము అది మనకొఱకు నడచివచ్చినది. మిగిలిన రెండు గంటల త్రోవ మనము నడువలేదు.

ఈ చదువులో నేమున్నదో తెలియనివారికొఱకు రెండు మాటలు. ఇంటర్మీడియెట్టు విజ్ఞానశాస్త్రములతో ముగించి, ప్రవేశపరీక్ష వ్రాసి చేరవలెను. వ్యవసాయ కుటుంబములనుండి వచ్చి పల్లెబడులలోఁ జదివినవారికి ప్రత్యేకముగఁ గొన్ని స్థానములు కేటాయించుట కలదు. చదువు నాలుగేండ్లు. సేద్యశాస్త్రము, నేలలశాస్త్రము, కీటకశాస్త్రము, తెగుళ్ల శాస్త్రము, వంగడముల నుత్పత్తిచేయు ప్రజననశాస్త్రము, ఉద్యానశాస్త్రము, వ్యవసాయ అర్థశాస్త్రము, విస్తరణవిద్య మొదలగునవి పాఠములు. చివరి యేఁట విద్యార్థి పల్లెకుఁ బోయి, ఒక రైతు వెంట నుండి, ఆ యింటి పంట జమాఖర్చులు మొదలు పురుగుమందు పిచికారి వఱకు కనులారఁ జూచి వ్రాసికొనవలెను. గురుకులవాసమును బోలిన యీ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. తేడా యేమనఁగా, ఇచ్చట గురువు చదువురాని రైతైనను గావచ్చును.

ఇఁక మా మఱియొక తప్పు. ముప్పదియేండ్ల క్రిందట, మా శిష్యుఁడొకఁడు రెండు దరఖాస్తులు చేతఁబట్టుకొని మా యింటికి వచ్చెను. ఒకటి ఇంజనీరింగునకు, ఒకటి నైరాకు. తోఁటలలోఁ బుట్టిపెరిఁగిన పిల్లవాఁడు. చెట్టు మొగముఁ జూచి కాఁపు చెప్పఁగలవాఁడు. "మాస్టారూ, ఏది పంపమంటారు?" అనెను. మేము రెండవదానిని వానిచేతనే చింపించితిమి. వాఁడు బాగుగనే యున్నాఁడు, బెంగుళూరులో నుద్యోగము, ఇల్లు, వాహనము అన్నియుఁ గలవు. 2018 అక్టోబరు 11వ తేదీని వేకువజామున తిత్లీ తుఫాను పలాసప్రక్కను తీరము దాఁటినది. ఉద్దానము తెల్లవాఱుసరికి పండుకొన్నది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఎటు చూచినను కూలిన మ్రాఁకులే. ఫోను పనిచేయుట మొదలైన నాఁడు మాకు వచ్చిన మొదటి పిలుపులలో వానిది యొకటి. "మాస్టారూ, నాన్న ఒక్కడే ఉన్నాడు. నిలబడిన చెట్లలో ఏది బతుకుతుందో, ఏది తీసేయాలో మీకు తెలుసునా?" అనెను. మాకుఁ దెలియదు. శబ్దమంజరి తెలియును.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాఁడు మఱియొక శిష్యుఁడు. వీఁడు మమ్మడుగకయే నైరాలోఁ జదివి ప్రభుత్వోద్యోగము చేయుచున్నవాఁడు. సెలవు పెట్టి వచ్చి మూఁడు దినములు తోఁటతోఁట తిరిగెను. సున్నపుబకెట్టు ఒకటి, కుంచె యొకటి వెంట. నిలిచిన ప్రతిచెట్టునకును మొవ్వు చూచును. కొబ్బరికి కొమ్మలు లేవు. తలపైని మొవ్వొక్కటే దాని ప్రాణము. మొవ్వు చెడకున్నచో మట్టలన్నియు విఱిగినను చెట్టు కోలుకొనును. మొవ్వు మెలిదిరిగి యూడివచ్చినచో మ్రాను చక్కగా నిలిచియున్నను అది చచ్చినదే. బ్రతుకుదానికి ఒక గీఁత, తీయవలసినదానికి రెండు గీఁతలు. ఒరిగిన పడుచుచెట్లను నెత్తి నిలిపి, ఊఁతకఱ్ఱలు పెట్టి, మొదట మట్టి యెగద్రోయించెను. పడిన మ్రాఁకులను తోఁటలో నుంచవలదని మఱిమఱి చెప్పెను. క్రుళ్లిన మ్రాఁకులలోఁ గొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును, గాయపడిన చెట్టును ఎఱ్ఱముక్కు పురుగు వెదకికొని వచ్చును. తుఫాను చంపక విడిచినదానిని అవి రెండేండ్లలోఁ జంపును. ఆ మాట విన్నవారు కొందఱు, విననివారు కొందఱు. కోఁతయంత్రము దొరకని వారికి వినినను వినకున్నను ఒక్కటే యైనది.

అంతకంటె మమ్ముఁ గదలించినది మఱియొక మాట. ఒక ముదుసలి రైతు "ఈ ఏడు కాయ పోయింది సరే బాబూ, వచ్చే ఏడుకి వస్తాది గదా?" అని యడిగెను. శిష్యుఁడు కొంత సేపు పలుకక, పిదప నెమ్మదిగాఁ జెప్పెను. నేఁడు కొబ్బరిచెట్టునఁ గనఁబడు గెల యొక్క మొలక రెండున్నర యేండ్లకు ముందే మొవ్వులోపలఁ బుట్టియుండును. గెల విప్పిన తరువాత కాయ ముదురుట కింకొక యేఁడు. అందుచేత నీ గాలి దెబ్బ నేఁటి కాయకే గాక, ఇంకను కంటికిఁ గనఁబడని గెలలకును తగిలినది. మూఁడేండ్లు కాఁపు తగ్గును, దానికి సిద్ధపడియుండుఁడు అని. ముదుసలి తలయూఁచి, "అయితే అప్పు మూడేళ్లకి తీసుకోవాలి" అనెను. ఒక్క యేఁటికని లెక్కవేసికొన్న తక్కిన రైతులు రెండవ యేఁట మరల వడ్డీలకుఁ బరుగెత్తిరి. చెట్టునకు దిష్టి తగిలినదని కోళ్లను గోసినవారును గలరు. చదువు వలన మ్రాను లేవలేదు. అప్పు గడువు మాత్రము సరిగాఁ గుదిరినది.

ఉద్దాన మనఁగానే నేఁడు దేశమునకు జ్ఞప్తికి వచ్చునది తోఁట గాదు, మూత్రపిండముల వ్యాధి. మన కుటుంబములలో దీనిచేతఁ బెద్దదిక్కును గోల్పోని వంశము లరుదు. నీరా, ఎండలో శ్రమయా, పురుగుమందులా, నొప్పిమాత్రలా, పలువిధములుగ అనుమానించిరి గాని దీనికి మూలమిదియని శాస్త్రజ్ఞు లింకను తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసయందు పరిశోధనకేంద్రముతోఁ గూడిన ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి తెచ్చిన మంచినీటి పథకమును ప్రారంభింపఁబడినవి. వైద్యుల పని వైద్యులు చేయుదురు. మన తోఁటల నేలను, బావినీటిని, చల్లు మందుల లెక్కను ఏండ్లతరబడి కొలిచి వ్రాసియుంచువారు కూడ కావలెను. ఆ పనికి కావలసినది నేలలశాస్త్రము చదివి, ఈ యూళ్లలోఁ బుట్టి, ఈ రైతులు తలుపు తీయుదురనఁదగిన పిల్లలు.

ఈ చదువు చదివినవారు తోఁటకు తిరిగి రారనియు, బ్యాంకులకును విత్తనపుఁ గంపెనీలకును బోవుదురనియు ఒక యాక్షేపణ. నిజమే, చాలమంది పోవుచున్నారు. తప్పేమి? ఇంజనీరైన పిల్లవాఁడు తోఁటకు వచ్చుచున్నాఁడా? 2019లో గ్రామసచివాలయములు వచ్చినపుడు గ్రామ వ్యవసాయ సహాయకులు, ఉద్యాన సహాయకులు అను కొలువులు పల్లెలోనే యేర్పడినవి. ఆమదాలవలసలో కృషివిజ్ఞానకేంద్రము కలదు. రాగోలు పరిశోధనస్థానమునుండి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు మన జిల్లా పేరుతోనే పొలములలో నున్నవి. మనవారు పనిచేయఁదగిన చోట్లు మన గడపకు దగ్గఱనే యున్నవి.

అందుచేత పోషకమహాశయులకు మాది యొక మనవి. మన సంఘమువారు ఏటేట నిచ్చు విద్యార్థివేతనములు ఇంజనీరింగునకును వైద్యమునకును మాత్రమే యిచ్చుట వాడుకయైనది. ఈ మహాసభలో ఆ నిబంధనను సవరించి, వ్యవసాయము, ఉద్యానశాస్త్రము, పశువైద్యము చదువు పిల్లలకును ఇచ్చునట్లు తీర్మానింపవలెను. బంగారుపతకములు వలదు, వానిని గోడకుఁ దగిలించుటయే గాని వేఱు ప్రయోజనము లేదు. పల్లెలో నుండవలసిన చివరి యేఁటికి బస్సుఖర్చు, బసఖర్చు, ఒక నేలపరీక్ష పెట్టె, ఇవి యిచ్చిన చాలును. ఈ నిధికి మా పింఛనునుండి ఏటేట నొక నెల మొత్తము నిచ్చుటకు నిశ్చయించుకొన్నాము. మొదటి సంవత్సరపుఁ బైకమును కోశాధికారిగారి కిదివఱకే యంపితిమి.

ఆ సభలో నవ్వులపాలైన బాలిక యిప్పుడు నైరాలో రెండవ యేఁడు చదువుచున్నది. మొన్న సంక్రాంతికి తండ్రితోఁ గూడ మా యింటికి వచ్చినది. పెరటిలో నొక గునపము దీసికొని మోఁకాలిలోఁతు గొయ్యి త్రవ్వి, పొరలు పొరలుగ మన్ను చేతఁ బట్టి రంగు చూచి, పుస్తకమున వ్రాసికొన్నది. మా యింటిదాని మల్లెపాదు కొంత చెడినది. ఆ సంగతి వేఱు. తరువాత వచ్చి వరండాలోఁ గూర్చుండి, "తాతయ్యా, పంటలనుబట్టి పొలాలకు సంస్కృతంలో పేర్లున్నాయట గదా, చెప్తారా?" అని యడిగెను. వ్రైహేయము, శాలేయము, తిల్యము, యవ్యము అని చెప్పితిమి. వ్రాసికొని, "మరి జీడితోటకి?" అనెను. అమరసింహుని కాలమున ఈ దేశమున జీడిమామిడి లేదు గదా. పేరు లేదని చెప్పితిమి. ఆ పుటలో "జీడితోట" అని వ్రాసి, ప్రక్కను గొంత చోటు ఖాళీగా విడిచి, పుస్తకము మూసినది.